మిల్లు వయసు

తన భార్యను చంపింది ఆమె చెల్లెలు. ఈ సంగతిలో మేస్త్రికి అనుమానం లేదు. మిగిలిన అన్ని సంగతుల్లోనూ ఉంది.

పాలవాడు నీళ్ళు కలుపుతాడని అనుమానం. పక్కింటివాళ్ళు తను లేనప్పుడు తన కొళాయి వాడుకుంటారని అనుమానం. అల్లుడి లారీ చెప్పిన ఊరికే పోతుందా, దారిలో ఇంకెక్కడైనా ఆగుతుందా అని అనుమానం. మరదలి సంగతి మాత్రం అనుమానం కాదు. అది తేలిన లెక్క. అక్కకు హార్మోను మాత్రలు రాసిన డాక్టరమ్మను చూపించింది మరదలే. ఆ మాత్రలు మింగుతూ ఏడాది తిరిగిందో లేదో, మనిషి వంటింట్లో స్టవ్వు ముందు కుప్పకూలింది. మెదడుకు పోయే నాళంలో రక్తం గడ్డకట్టిందన్నారు. మూడో రోజుకు అంతా అయిపోయింది.

శవం ఇంకా ఇంట్లో ఉండగానే మేస్త్రి మరదలిని గుమ్మం దాటించాడు. నాలుగేళ్ళయింది. మళ్ళీ లోపలికి రానివ్వలేదు.

ఇప్పుడు ఆ మందే ఒంటికి అంటించుకునే పట్టీగా వేషం మార్చుకుని, కూతురి పేరు చెప్పుకుని ఇంట్లో దూరింది.

"నాన్నా, నా పట్టీల డబ్బా ఏది?"

ముందుగదిలో కుట్టుమిషను తల విప్పి బల్ల మీద పెట్టుకుని, మేస్త్రి నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. మిల్లులో ఫిట్టరుగా రిటైరైనా ఆయన చేతులు ఊరుకోవు. వీధిలో ఎవరి మిషను మొరాయించినా ఈ బల్ల మీదికే వస్తుంది.

"ఏ పట్టీలు?"

"ఏవో నీకు తెలుసు. అద్దం వెనక పెట్టాను. లేవు."

"అద్దం ముందు వెతుక్కో."

"వేళాకోళం కాదు నాన్నా. నిన్ననే మార్చుకోవాల్సింది. ఎక్కడ దాచావ్?"

"దాచడానికి అవేమైనా నగలా?"

కూతురు గడప దగ్గర నిలబడింది. పొద్దున మార్చుకున్న బట్టలు అప్పుడే వీపున అంటుకుపోయి ఉన్నాయి. రెండు నెలల కిందట ఆమెకు పెద్ద ఆపరేషన్ అయింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి కనుక, కోలుకునేదాకా అని తండ్రి దగ్గరికి వచ్చింది. నలభై రెండేళ్ళు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి కొలతలు తీసేది. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారిపోతున్నాయి. మాట మధ్యలో మొహం కందిపోతుంది. గుండె దడదడలాడుతోందంటూ చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంటుంది.

మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. తన భార్య కూడా ఇలాగే ఆ గోడకే ఆనుకునేది. ఆ తర్వాతే మాత్రలు వచ్చాయి.

"నీ పనిముట్ల పెట్టెకి తాళం ఎందుకు పడింది?" అని అడిగింది కూతురు.

ఆయన చెయ్యి ఆగింది.

"ఎప్పుడూ వెయ్యవు కదా. ఇవాళే ఎందుకేశావ్?"

"దొంగలు ఎక్కువయ్యారు."

"ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని."

"అదే చెప్తున్నా."

మిల్లులో ఆయన్ని బిగింపు మేస్త్రి అనేవారు. ఆయన బిగించిన బోల్టు విప్పాలంటే మళ్ళీ ఆయన చెయ్యే పడాలి. నోరూ అంతే.

కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో ఒక్కసారైనా పూర్తిగా విన్నావా?"

"మీ అమ్మప్పుడు విన్నాను. చాలు."

"ఇంకోసారి విను, అరిగిపోవు. అండాశయాలు ఉన్నంతకాలం అవి ఇచ్చే హార్మోను గుండెనీ రక్తనాళాల్నీ కాస్త కాపాడుకుంటూ వస్తుందట. మామూలుగా అయితే అది యాభై ఏళ్ళ దగ్గర నెమ్మదిగా తగ్గుతుంది. నాకు ఒక్క పూటలో తీసి పక్కన పెట్టేశారు. ఈ వయసులో అది లేకుండా వదిలేస్తే నాళాలు తొందరగా గట్టిపడే ప్రమాదం ఉందట. గుండెజబ్బు ముందే రావచ్చట. అందుకని అందరికీ నెలసరి ఆగే వయసు వచ్చేదాకా బయటినుంచి ఇవ్వాలంది."

"ఇదే మాట." మేస్త్రి గుడ్డ బల్ల మీద కొట్టాడు. "పొల్లుపోకుండా ఇదే మాట మీ అమ్మకీ చెప్పింది అప్పటి డాక్టరు మహాతల్లి. 'అయ్యో, నలభై రెండుకే ఆగిపోయాయా, అంత తొందరగా ఆగితే గుండెకి మంచిది కాదమ్మా' అంది. ఈ చెవులతో విన్నాను. గుండెకి మంచిదని మింగించారు. ఏమైంది?"

నాలుగేళ్ళుగా ఆయన ఈ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించాడు. ఇంటికి వచ్చిన చుట్టాల దగ్గర, మిల్లు గేటు దగ్గర, టీ కొట్టు దగ్గర. నలభై రెండుకే ఆగిపోయాయట. గుండెకి మంచిదట.

"నిజం చెప్పనా నాన్నా?" ఆమె గొంతు తగ్గింది. "నువ్వు దాచకపోయినా నేను వాటిని సరిగ్గా వాడట్లేదు. పొద్దున అంటించుకుంటాను, సాయంత్రానికి పీకేస్తాను. అమ్మకి నలభై రెండు, నాకు నలభై రెండు. అమ్మ ఆ మందు వాడి యాభై అయిదుకే పోయింది. వాడితే అమ్మలా పోతానని భయం. వాడకపోతే గుండె దెబ్బతింటుందని భయం. ఎటూ పాలుపోవట్లేదు."

మేస్త్రికి కడుపు చల్లబడింది. పిల్ల దారికొస్తోంది.

"వాడకు. తేలిపోయింది కదా."

"తేలలేదు. నిన్న డాక్టరమ్మకి అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ నా కాగితాలు మళ్ళీ మొదటినుంచీ తిరగేసింది. తల్లికి అంత చిన్న వయసులో నాళం మూసుకుపోయిందంటే నీ విషయం మళ్ళీ ఆలోచించాలి, మీ అమ్మ సంగతి మొదటినుంచీ తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని రేపు సాయంత్రం రా అంది."

"నేను రాను."

"నిన్ను రమ్మనలేదు." కూతురు లేచి నిలబడింది. "పిన్నికి ఫోన్ చేశాను. వస్తోంది."

బల్ల మీది స్క్రూ ఒకటి దొర్లి కింద పడింది. ఇద్దరిలో ఎవరూ వంగి వెతకలేదు.

మరదలు ఆసుపత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. ఒంటి మీద నర్సు తెల్లబట్టలు, భుజాన సంచి. గుమ్మం అవతలే ఆగింది.

"బాగున్నావా బావా?"

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. "ఎవరో వచ్చారు. ఏం కావాలో కనుక్కో."

"ఎవరో కాదులే. నీ బల్ల మీది మిషను కన్నా పాత సరుకుని." ఆమె సంచి దించింది. "భయపడకు, లోపలికి రాను. వీధిలోనే ఉంటాను. వీధి కూడా నీదే అంటావా?"

"అరవక్కర్లేదు. వినేవాళ్ళున్నారు."

"అయితే లోపలికి రమ్మను. మెల్లిగా మాట్లాడతా."

ఆయన రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు. కూతురు వంటింట్లోంచి స్టూలు తెచ్చి గుమ్మంలో వేసింది. రెండు కాళ్ళు లోపల, రెండు బయట. మేస్త్రి ఆ లోపలి రెండు కాళ్ళ వైపు చూశాడు. మరదలు ఆ చూపు గమనించి, స్టూలు బయటికి జరుపుకుని కూర్చుంది.

"ఏమే, పట్టీలు వాడుతున్నావా?"

"నాన్న దాచేశాడు పిన్నీ."

"దాచి ఏం చేసుకుంటాడు?"

"పెట్టెలో పెట్టి తాళం వేశాడు."

"నన్ను అడగండి, ఇక్కడే ఉన్నాను," అన్నాడు మేస్త్రి. "నీకు దీని మీద ఎంత ముట్టచెప్తున్నారు ఆ డాక్టరమ్మలు? అక్క అయిపోయింది, ఇప్పుడు అక్క కూతురా? వంశం మొత్తం రాసిచ్చావా వాళ్ళకి?"

"ముట్టచెప్తే ఈ పాతికేళ్ళలో మేడ కట్టేదాన్ని. నీ ఇంటి ముందే కట్టేదాన్ని, రోజూ నా మొహం చూసేట్టు."

ఆయన విసురుగా నూనె డబ్బా అందుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది.

మరదలు మెడ సాచింది. "చేతి మీద ఏంటి బావా అది?"

"దెబ్బ." ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"దెబ్బకి అంటించేవి నేను రోజూ వంద చూస్తాను. అది దెబ్బ పట్టీ కాదు." ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. "ఓరి నాయనో! అమ్మాయ్, మీ నాన్నకి కూడా నెలసరి ఆగిపోయిందటే! చెప్పనేలేదు మాకు!"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. కుట్లు లాగినట్టున్నాయి, పొట్ట పట్టుకుని గోడకు జారగిలబడి మరీ నవ్వింది.

"చెమటలు తగ్గాయా బావా? నిద్ర పడుతోందా? చీకాకులేమైనా?"

"చీకాకు ఎదురుగానే కూర్చుంది."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. మిల్లుకు కొత్త నూనె ఏది వచ్చినా, యంత్రానికి పెట్టేముందు ఆయన ముంజేతికి రాసుకుని ఒక రోజు చూసేవాడు. మంట పుట్టినా, జిడ్డు గడ్డకట్టినా డబ్బా వెనక్కి పోవాల్సిందే. నూనె అమ్మేవాళ్ళు ఆయన పేరు చెబితే తలలు పట్టుకునేవారు. ఆ అలవాటు కొద్దీ నిన్న ఒక పట్టీ తీసి తన చేతికే అంటించుకున్నాడు. పిల్ల ఒంట్లోకి పోయేది ముందు తన ఒంట్లోకి పోనీ అనుకున్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయనకు మరీ అనుమానంగా ఉంది.

నవ్వు సద్దుమణిగింది. మరదలు కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ కళ్ళల్లో నవ్వు లేదు.

"పీకెయ్ బావా దాన్ని. నీకు పనికొచ్చేది కాదు. పిల్లది పిల్లకి ఇచ్చెయ్."

"మీ అక్కకిచ్చిందీ ఇదే."

"అక్కకిచ్చింది మాత్ర. ఇది పట్టీ."

"మందు ఒకటే. సంచి మారింది."

"మందు ఒకటైనా దారి వేరు. మాత్ర మింగితే ముందు కాలేయంలోకి పోతుంది. అక్కడ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. చర్మంలోంచి మెల్లిగా పోయేదానికి ఆ బెడద బాగా తక్కువ. అదొక్కటే కాదు." ఆమె వేళ్ళు విరుచుకుంది. వార్డులో చెప్పి చెప్పి అలవాటైన గొంతు. "ఎప్పుడు మొదలుపెట్టారన్నది పెద్ద సంగతి. నెలసరి ఆగిన కొత్తలో, నాళాలు ఇంకా బాగున్నప్పుడు మొదలుపెడితే ఒక తీరు. ఏళ్ళు గడిచి, అరవై దాటి, నాళాల్లో కొవ్వు పేరుకున్నాక మొదలుపెడితే అదే మందు అడ్డం తిరగొచ్చు. అందుకే గుండె కోసమని అందరికీ రాసే మందు కాదది. మనిషిని చూసి, వయసు చూసి రాస్తారు."

"మరి మీ అక్కకి అరవై దాటాయా?" మేస్త్రి ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉన్నాడు. "యాభై నాలుగు. నలభై రెండుకే ఆగిపోయాయి, యాభై నాలుగుకి మాత్రలు మొదలు. నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే తప్పేముంది? ఎందుకు పోయింది? చెప్పు!"

"ఎవరికి యాభై నాలుగు?"

"మీ అక్కకి."

"అక్క మాత్రలు మొదలుపెట్టిన ఏడు నాకు యాభై నాలుగు బావా."

మేస్త్రి చేతిలోని నూనె డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అక్క నన్ను చంకనెత్తుకుని తిప్పిన మనిషి. నాకు పాకడం రానప్పుడు ఆవిడ బడికి పోయేది. ఇద్దరికీ ఒకే వయసు ఎట్లా వస్తుంది? కవలలమా?"

"పిన్నీ," కూతురు గోడ వదిలి ముందుకు వచ్చింది. "అమ్మకీ నీకూ ఎంత తేడా?"

"తొమ్మిదేళ్ళు."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. దానికి ఒక రెక్క వంగి ఉంది. మేస్త్రి ఇన్నాళ్ళూ దాన్ని సరిచెయ్యలేదు.

"అమ్మ పదిహేడేళ్ళకే నన్ను కన్నదనుకున్నాను," అంది కూతురు. "అంటే... పోయేటప్పటికి అమ్మకి అరవై నాలుగా?"

"మరి? ఇంకెంతనుకున్నావే?"

"యాభై అయిదు. అందరం యాభై అయిదనే అనుకున్నాం. నలభై రెండుకే ఆగిపోయాయని—"

"నలభై రెండేంటి! నేను హెడ్ నర్సు అయిన ఏడు అక్కే నా దగ్గరికి వచ్చి చెప్పింది. 'నాకు ఆగిపోయాయే, గొడవ వదిలింది' అని నవ్వింది. యాభై నిండాయి అప్పటికి. అందరికీ ఆగే వయసుకే ఆగాయి." ఆమె బావ వైపు తిరిగింది. చటుక్కున నుదురు కొట్టుకుంది. "మిల్లు వయసు!"

"ఏం వయసు?"

"మీ అమ్మ మిల్లులో చేరేటప్పుడు పాతికేళ్ళు దాటినవాళ్ళని కొత్తగా తీసుకునేవాళ్ళు కాదే. మీ అమ్మకి అప్పటికి ముప్ఫై ఒకటి. మీ నాన్న ఇరవై రెండని రాయించాడు. చూడ్డానికి చిన్నగా ఉండేది, చెల్లిపోయింది. విరగబడి నవ్వేది చెప్తూ, 'నాకు రెండు వయసులే, ఇంట్లో ఒకటి, మిల్లులో ఒకటి' అని. ఆ మిల్లు లెక్క ఎంతో నేనెప్పుడూ అడగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"క్వార్టర్సులో పెరిగే పిల్లవి. ఎక్కడైనా వాగితే ఉద్యోగం పోతుందని. తర్వాత అదే అలవాటైపోయి ఉంటుంది." మరదలి గొంతు నెమ్మదించింది. "మిల్లులో సరే. డాక్టరు దగ్గర మిల్లు వయసు ఎవరు చెప్పారు?"

మేస్త్రి బల్ల మీదికి వంగాడు. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"నువ్వే చెప్పి ఉంటావు," అన్నాడు. "లోపల ఉన్నది నువ్వే. అంతా నువ్వే మాట్లాడావు."

"నేను లోపల లేను బావా."

"ఉన్నావు. ఆ పక్క కుర్చీలో కూర్చున్నావు."

"పేషెంటుతో ఒక్కరే రావాలంది ఆయా. నేను లేచాను. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, 'నా పెళ్ళాం సంగతి నాకు తెలుసు, నువ్వు కూర్చో' అన్నావు. నేను బయట బెంచీ మీద మీ ఇద్దరి సంచులూ పట్టుకుని కూర్చున్నాను. కాదను."

ఆయన కాదనలేదు.

నాలుగేళ్ళుగా ఆయన ఆ గదిని మనసులో చూసుకుంటూనే ఉన్నాడు. బల్లకు ఆవల డాక్టరమ్మ. ఈవల తన భార్య. ఆమె పక్క కుర్చీలో మరదలు, కాలు మీద కాలు వేసుకుని, గడగడా మాట్లాడుతూ. ఎన్నిసార్లు చూసుకున్నాడో, కుర్చీలోని మనిషి అన్నిసార్లూ గట్టిపడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ కుర్చీలో మరదలు లేదు. చేతిలో సంచులు లేకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తనే కూర్చుని ఉన్నాడు.

"వయసెంతమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

భార్య నోరు తెరిచింది. ఆమె కన్నా ముందు ఆయన నోరు తెరుచుకుంది. గేటు దగ్గర, సూపర్‌వైజరు దగ్గర, కొత్త మేనేజరు దగ్గర, ముప్ఫై ఏళ్ళు నాలుక మీద ఆడిన అంకె. ఏటా ఒకటి కలుపుకుంటూ వచ్చిన అంకె. తడుముకోకుండా వచ్చింది.

"యాభై నాలుగు."

భార్య తల తిప్పి ఆయన వైపు చూసింది. ఏదో అనబోయి, డాక్టరమ్మ ముందు మొగుడి మాట కాదనడం ఇష్టంలేక, ఊరుకుంది. నెలసరి ఆగి ఎన్నేళ్ళయిందంటే మాత్రం ఆమే చెప్పింది. పన్నెండేళ్ళు. అది నిజం. డాక్టరమ్మ రెంటినీ కలిపి లెక్క కట్టుకుంది. "అయ్యో, నలభై రెండుకే ఆగిపోయాయా?"

బస్సులో తిరిగి వస్తుంటే భార్య కిటికీలోంచి చూస్తూ అంది. "డాక్టరు దగ్గర కూడా నేను మిల్లు మనిషినేనా?"

"వయసు తగ్గిస్తే ఏడ్చే ఆడదాన్ని నిన్నే చూశాను," అన్నాడాయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

"బావా, నిన్నే."

స్క్రూడ్రైవర్ మొన గాడిలో కుదరడం లేదు. రెండుసార్లు జారింది.

"మాత్రే చంపిందని నేనూ ప్రమాణం చెయ్యలేను," అంది మరదలు. "అరవై నాలుగేళ్ళ మనిషికి మాత్ర లేకపోయినా రావచ్చు. కానీ అరవై మూడని తెలిస్తే ఆవిడ ఆ మాత్ర రాసి ఉండేది కాదు. ఏదైనా రాసినా, ముందు నాలుగు పరీక్షలు చేయించేది. అది మాత్రం నాకు తెలుసు." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నాలుగేళ్ళు నేనే చంపాననుకున్నాను బావా. అక్కని ఆ తలుపు దాకా నడిపించింది నేనే కదా అని. వార్డులో ఎవరికైనా ఆ మాత్ర అందించాలంటే నా వల్ల కాక, పక్కనున్న పిల్లకిచ్చి ఇప్పించేదాన్ని. హెడ్ నర్సుని. శవం దగ్గర నన్ను ఏడవనివ్వలేదు నువ్వు. వీధిలో నిలబడి ఏడ్చాను."

ఇంతకు ముందు ఆమె అరిచినప్పుడు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఇప్పుడు ఆమె అరవడం లేదు. కిటికీ మూసుకుంది.

కూతురు ఎవరివైపూ చూడటం లేదు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"అయితే నేను అమ్మలా కాదు. అమ్మకి ఆగిన పన్నెండేళ్ళకి ఇచ్చారు. నాకు ఆగిన వెంటనే ఇస్తున్నారు. అమ్మది మాత్ర, నాది పట్టీ. అమ్మకి చిన్న వయసులో ఏమీ ఆగలేదు. చిన్న వయసులో పోనూ లేదు." ఆమె తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "ఈ రెండు నెలలూ నేను ఎవరి చావు చూసి భయపడ్డాను నాన్నా? అలాంటి మనిషే లేదు కదా."

మేస్త్రి లేచాడు. మొలలోంచి తాళంచెవి తీశాడు. మూలనున్న పనిముట్ల పెట్టె దగ్గర వంగాడు. తాళం తీయడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. పెద్ద స్పానర్ల కింద, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంది డబ్బా. నూనె మరక ఒక్కటి కూడా అంటలేదు.

తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

తర్వాత చొక్కా చెయ్యి మడిచి, తన పట్టీ పీకి పారేశాడు. ముంజేతి మీద ఎర్రగా చదరపు గుర్తు మిగిలింది. రుద్దుకున్నాడు. పోలేదు.

"సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వస్తావా?" అని అడిగింది కూతురు.

"మీ పిన్ని ఉందిగా. అక్క వయసు చెల్లెలికి తెలుసు. సరిగ్గా చెప్తుంది."

మరదలు తల ఎత్తింది. నాలుగేళ్ళ తర్వాత ఆ నోట తన గురించి తిట్టు కాని మాట అదే మొదటిది. ఇంకొక్కటి వస్తుందేమోనని చూసింది.

రాలేదు.

"బావా, ఒక్క మాట చెప్పు, నీ కాళ్ళకి దణ్ణం పెడతా. లోపల ఆ వయసు చెప్పింది ఎవరు? నాకు తెలుసు. నీ నోట వినాలి. నా కోసం ఒక్కసారి."

"నాన్నా, చెప్పు," అంది కూతురు. "మేమేమీ అనం."

మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కింద పడిన స్క్రూ కాలికి తగిలింది. తీసి, ఊది, గాడిలో పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. అది బిగుసుకుంది. ఇంకా తిప్పాడు. లోహం కిర్రుమంది.

"పట్టీ అంటించుకో," అన్నాడు కూతురితో, తల ఎత్తకుండా. "సాయంత్రానికి పీకకు."

"నాన్నా, నేను అడిగింది అది కాదు."

"నువ్వు అడిగింది విన్నాను. ఆమె అడిగిందీ విన్నాను." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వాళ్ళకు బాగుండేది. "ఈ ఇంట్లో ఆ గది మాట ఇదే ఆఖరు. మీరిద్దరూ ఏమనుకుంటారో అనుకోండి. డాక్టరుకి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. నన్ను మాత్రం అడగొద్దు. నేను చెప్పను. ఇవాళ చెప్పను, మంచాన పడ్డాక చెప్పను, మీ అమ్మ లేచి వచ్చి అడిగినా చెప్పను."